చేతినిండా పని ఉన్నా లాభం ఎందుకు రాదు: ప్రెస్సు ఖర్చుల లెక్కలో చేయవలసినవి, చేయకూడనివి

ప్రింటింగ్ ప్రెస్సులో ఈరోజు వచ్చిన ఆర్డరుకూ నిన్నటి ఆర్డరుకూ పోలిక ఉండదు. పొద్దున శుభలేఖలు, మధ్యాహ్నం బిల్లు పుస్తకాలు, రాత్రి షిఫ్టులో స్కూలు వర్కుబుక్కులు. కాగితం వేరు, సైజు వేరు, ప్రతుల సంఖ్య వేరు. ఇలాంటి చోట ఏ ఆర్డరు ఖర్చు ఆ ఆర్డరుకే విడిగా కట్టాలి. దీన్నే జాబ్ ఆర్డర్ కాస్టింగ్ అంటారు. ఏ ఒక్క ఆర్డరు ఖాతాలోనూ నేరుగా రాయలేని అద్దె, కరెంటు, సూపర్‌వైజర్ జీతం వంటి ఓవర్‌హెడ్స్‌ను ఏ పని వల్ల పుట్టాయో చూసి ఆ పని లెక్కన పంచే పద్ధతి యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్. వాడుకలో ఏబీసీ.

ఈ రెండూ బీకాం, సీఎంఏ పరీక్షల కోసం చదివి వదిలేసే పాఠాలు కావు. ఖర్చు తప్పుగా కడితే ధర తప్పుతుంది. ధర తప్పితే మంచి ఆర్డర్లు పక్క ప్రెస్సుకు పోతాయి, నష్టం తెచ్చేవి మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. యంత్రాలు ఆగకుండా తిరుగుతున్నా నెలాఖరుకు జీతాలకు వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ ప్రమాదంలో పడకుండా ప్రెస్సు యజమానులు, అకౌంటెంట్లు, ఈ సబ్జెక్టు చదివే విద్యార్థులు పాటించవలసిన జాగ్రత్తలు ఇవి. లారీ బాడీలు కట్టేవారికి, మెషిన్ షాపులకు, ఫర్నిచర్ తయారీదారులకు, ఆడిట్ ఆఫీసులకు కూడా ఇవే వర్తిస్తాయి.

1. జాబ్ కార్డు

చేయవలసినవి

- ఆర్డరు ఖాయం కాగానే నంబరుతో జాబ్ కార్డు తెరవండి. కస్టమర్ పేరు, సైజు, పేజీలు, ప్రతులు, కాగితం రకం, ఇవ్వవలసిన తేదీ, చెప్పిన ధర అందులో ఉండాలి. స్టోరు స్లిప్పు మీద, టైమ్ షీటు మీద, బైండరుకిచ్చే చలానా మీద, ఆఖరి బిల్లు మీద అదే నంబరు పడాలి.
- అంచనా ఖర్చునూ అసలు ఖర్చునూ పక్కపక్కనే రాసే గడులు పెట్టండి. తేడా ఎక్కడ వచ్చిందో కార్డు చూడగానే తెలియాలి.
- పని ముగిసి బిల్లు ఇచ్చిన వారంలోపు కార్డు మూసి లాభనష్టం తేల్చండి. అదే కస్టమర్ మళ్లీ వచ్చినప్పుడు కొటేషన్‌కు ఆధారం ఆ కార్డే.
- ఎన్నికల కరపత్రాలు, పోస్టర్లు వేసే ప్రెస్సులు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం వాటి మీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలతో సహా ఉండాలి. ఎవరు వేయించారు, ఎన్ని ప్రతులు, ఎంతకు అన్నది కార్డులో ఉంటే అధికారులు అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

చేయకూడనివి

- తెలిసినవారి పని కదా, చిన్న పని కదా అని కార్డు లేకుండా యంత్రం ఎక్కించకండి. కార్డు లేని పనికి వాడిన కాగితం వేరే జాబు ఖర్చులో కలిసిపోతుంది. అప్పుడు రెండు లెక్కలూ చెడతాయి.
- ఒకే కస్టమర్ ఇచ్చిన మూడు వేర్వేరు పనులను ఒకే కార్డులో కలపకండి. ఏది గిట్టింది, ఏది గిట్టలేదు అన్నది ఇక ఎప్పటికీ తెలియదు.
- ఒకే సరుకు నెలల తరబడి ఆగకుండా తయారయ్యే చోట ఈ పద్ధతి వాడకండి. సిమెంటు, పంచదార, నూనె మిల్లుల్లో ఏ బస్తా ఏ ఆర్డరుదో విడదీయడానికి ఉండదు. అక్కడ దశలవారీగా ఖర్చు కట్టే ప్రాసెస్ కాస్టింగే సరైనది.

2. కాగితం, ప్లేట్లు, తరుగు

చేయవలసినవి

- స్టోరు నుంచి ప్రతి రీమూ జాబు నంబరున్న ఇష్యూ స్లిప్పు మీదే బయటికి రావాలి. మిగిలిన షీట్లు తిరిగి స్టోరుకు వస్తే రిటర్న్ స్లిప్పు, వేరే జాబుకు వాడితే ట్రాన్స్‌ఫర్ స్లిప్పు రాయండి.
- ప్లేట్లు, లామినేషన్ ఫిల్ము, బయట చేయించిన బైండింగు వంటి నేరుగా గుర్తించగల ప్రతి ఖర్చునూ ఆ జాబుకే వేయండి. నేరుగా వేయగలిగిన ఖర్చును ఓవర్‌హెడ్స్‌లో పడేసి అందరికీ పంచడం అన్యాయం.
- మేక్‌రెడీలో, అంటే అసలు అచ్చుకు ముందు యంత్రాన్ని సిద్ధం చేసేటప్పుడు పోయే షీట్లను ఫారాల లెక్కన కట్టండి. 1/8 డెమ్మీ సైజులో 64 పేజీల పుస్తకమంటే షీటుకు 16 పేజీల చొప్పున 4 ఫారాలు. ఫారానికి 200 షీట్లు పోతాయనుకుంటే మొత్తం 800. ఇరవై వేల ప్రతులకు 80,000 షీట్లు, అంటే 160 రీములు కావాలి. అందులో 800 అంటే 1 శాతం. అదే పుస్తకం వెయ్యి ప్రతులే వేస్తే కావలసినవి 4,000 షీట్లు, తరుగు మాత్రం అదే 800. అంటే 20 శాతం.
- కస్టమర్ తానే కాగితం తెచ్చిస్తే పరిమాణం మాత్రం రాసుకోండి. అది మీ ఖర్చు కాదు. కానీ ఎంత వచ్చింది, ఎంత వాడారు, ఎంత తిరిగి ఇచ్చారు అన్న లెక్క తప్పకుండా ఉండాలి.

చేయకూడనివి

- అన్ని జాబులకూ ‘తరుగు 5 శాతం’ అని ఒకే అంకె వేయకండి. పై ఉదాహరణలో పెద్ద జాబుకు 4,000 షీట్ల తరుగు కట్టి ధర పెంచేస్తారు, చిన్న జాబుకు 200 షీట్లే కట్టి 600 షీట్లు చేతి నుంచి పెట్టుకుంటారు.
- అసాధారణ నష్టాన్ని జాబు మీద రుద్దకండి. గోడౌనులో నీళ్లు కారి తడిసిన కాగితం, తప్పు ప్లేటుతో అచ్చయిన రీములు లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి. అవి జాబు ఖర్చులో కలిస్తే ఆ రకం పనికి మీరు తర్వాత చెప్పే ధరలన్నీ పెరుగుతాయి, మీ పొరపాటుకు కస్టమర్ డబ్బు కట్టడు.
- ఇన్‌పుట్ క్రెడిట్ దొరికే జీఎస్టీని కాగితం ధరలో కలపకండి. కాంపోజిషన్ పథకంలో ఉండడం వంటి కారణాలతో క్రెడిట్ రాని వారికి మాత్రమే అది ఖర్చు.
- పాత కాగితం అమ్మితే వచ్చిన డబ్బును లెక్కలోకి రాకుండా వదలకండి. ఏ జాబుదో తెలిస్తే ఆ జాబు ఖర్చు తగ్గించండి, తెలియకపోతే ఓవర్‌హెడ్స్ మొత్తంలోంచి తీసేయండి.

3. మనుషుల సమయం

చేయవలసినవి

- టైమ్ షీటు పని ముగిసిన వెంటనే, యంత్రం దగ్గరే నింపించండి. మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, జాబు నంబరు, ఏ పని అన్నవి చాలు. ‘ఏ పని’ అన్న గడి ముఖ్యం. మేక్‌రెడీకి ఎంత పట్టింది, అచ్చుకు ఎంత పట్టింది అని విడిగా తెలిస్తేనే తర్వాత ఏబీసీకి అంకెలు దొరుకుతాయి.
- గంట కూలి కట్టేటప్పుడు జీతంతో పాటు యజమాని వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్, గ్రాట్యుటీ, సెలవుల జీతం కలపండి. సెలవులు, విరామాలు పోను నిజంగా పనికి దొరికే గంటలతో భాగించండి.
- ఓవర్‌టైమ్‌కు చట్టం ప్రకారం రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఆ అదనపు భారం ఎవరిది అన్నది కారణాన్ని బట్టి తేల్చండి. రేపు పొద్దునకే కావాలని కస్టమర్ పట్టుబడితే అది ఆ జాబుకే. నెలంతా పని ఎక్కువై ఓవర్‌టైమ్ నడిస్తే, ఆ రాత్రి యంత్రం మీదున్న జాబుది ఏ తప్పూ లేదు. దాన్ని ఓవర్‌హెడ్స్‌లో వేయాలి.

చేయకూడనివి

- శనివారం సాయంత్రం కూర్చుని వారం మొత్తం టైమ్ షీట్లు గుర్తు తెచ్చుకుని రాయించకండి. అలా రాసిన కాగితంలో ప్రతి రోజూ సరిగ్గా 8 గంటలు కనబడతాయి, ఖాళీగా కూర్చున్న సమయం ఎక్కడా కనబడదు.
- కరెంటు పోయి, ప్లేట్లు రాక, ప్రూఫు తిరిగి రాక ఆగిన సమయాన్ని జాబు కూలిగా రాయకండి. దానికి విడిగా ఒక నంబరు ఇచ్చి కారణంతో సహా రాయించండి.
- ఆపరేటర్ల జీతం యంత్రం గంట రేటులో కలిపి ఉంటే, మళ్లీ కార్డులో కూలి కింద రాయకండి. ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది.
- టైమ్ షీటును సిబ్బందిని దండించడానికి వాడకండి. ఒకసారి భయం పుడితే ఇక నిజమైన అంకె మీ చేతికి రాదు.

4. ఓవర్‌హెడ్స్ రేటు

అద్దె, కరెంటు, తరుగుదల, మరమ్మతులు, ఆఫీసు జీతాల అసలు మొత్తం ఏడాది చివరికిగానీ తెలియదు. కొటేషన్ ఈరోజే ఇవ్వాలి. అందుకే ఏడాది మొదట్లో అంచనా ఓవర్‌హెడ్స్‌ను అంచనా గంటలతో భాగించి ఒక రేటు ముందే ఖాయం చేసుకుంటారు. ఏడాదికి 72,00,000 రూపాయలు, యంత్రాలు నడిచేవి 4,800 గంటలు అనుకుంటే గంటకు 1,500.

చేయవలసినవి

- బడ్జెట్ వేసి రేటు ముందే కట్టండి. ఏడాదంతా అదే రేటుతో జాబులకు వేయండి.
- ఏడాది చివర తేడా లెక్క తీసి కారణం విడదీయండి. అసలు ఖర్చు 73,00,000 అయింది, యంత్రాలు నడిచింది 4,500 గంటలే అనుకుందాం. జాబులకు ఎక్కింది 4,500 × 1,500 = 67,50,000. ఎక్కకుండా మిగిలింది 5,50,000. ఇందులో 1,00,000 అంచనా కన్నా ఎక్కువ ఖర్చు పెట్టినందుకు. మిగతా 4,50,000 నడవకుండా పోయిన 300 గంటలకు. మొదటిదానికి ఖర్చుల అదుపు మందు, రెండోదానికి ఆర్డర్లు తేవడం మందు. రెండూ కలిపి చూస్తే ఏ మందు వేయాలో తెలియదు.
- తేడా చిన్నదైతే అమ్మిన సరుకు ఖర్చులో కలిపేయండి. పెద్దదైతే చేతిలో ఉన్న పనులు, పూర్తయి గోడౌనులో ఉన్నవి, అమ్ముడైనవి అన్న మూడింటికీ పంచండి. అసాధారణ కారణంతో వచ్చిన భాగం నేరుగా లాభనష్టాల ఖాతాకే వెళ్లాలి.

చేయకూడనివి

- నెలనెలా అసలు ఖర్చును ఆ నెల గంటలతో భాగించి కొత్త రేటు వేయకండి. ఎండాకాలంలో కరెంటు బిల్లు పెరిగిందనో, ఆషాఢంలో శుభలేఖల ఆర్డర్లు లేవనో ఒకే పుస్తకం ఖర్చు నెలకో రకంగా తేలకూడదు.
- ఓవర్‌హెడ్స్‌ను కాగితం ధరలో ఇంత శాతం అని వేయకండి. కాగితం ధర పెరిగినంత మాత్రాన మీ అద్దె పెరగదు. కస్టమరే కాగితం తెచ్చిన జాబుకు ఓవర్‌హెడ్స్ సున్నా అవుతుంది, యంత్రం మాత్రం అన్ని గంటలూ తిరిగే ఉంటుంది.
- పక్క ప్రెస్సు రేటు తెచ్చి పెట్టుకోకండి. వాళ్ల యంత్రం పాతదా కొత్తదా, షెడ్డు సొంతమా అద్దెదా, ఎన్ని షిఫ్టులు నడుస్తుంది అన్నది మీకు తెలియదు.

5. ఒకే రేటు తెచ్చే ప్రమాదం

రేటు ముందే కట్టినా ఒక పెద్ద చిక్కు మిగిలి ఉంటుంది. రెండు యంత్రాలున్న ఒక ప్రెస్సును ఊహించుకుందాం. కాగితం, ప్లేట్లు, బైండింగు కూలి జాబులకే నేరుగా రాశాక నెలకు ఓవర్‌హెడ్స్ 6,00,000 రూపాయలు. యంత్రం సిబ్బంది జీతాలు ఇందులోనే ఉన్నాయి. నెలకు 400 నడక గంటలు, గంటకు 1,500.

ఈ ప్రెస్సుకు రెండు ఆర్డర్లు వచ్చాయి. రెండూ 64 పేజీలవే, 1/8 డెమ్మీ, ఒకే రంగు. ఒకటి 20,000 ప్రతుల స్కూలు వర్కుబుక్కు. రెండోది పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి 1,000 ప్రతుల సావనీర్. నాలుగు ఫారాలు, రెండు వైపులా అచ్చు, కాబట్టి రెండింటికీ 8 మేక్‌రెడీలే. గంటకు 4,000 ఇంప్రెషన్ల చొప్పున వర్కుబుక్కు 40 గంటలు నడుస్తుంది, సావనీర్ 2 గంటలు.

పాత లెక్కలో వర్కుబుక్కుకు 60,000, సావనీర్‌కు 3,000. ప్రతికి చూస్తే రెండింటికీ 3 రూపాయలే. అక్కడే అనుమానం రావాలి. ఇరవై వేలు వేసినా వెయ్యి వేసినా ప్రతి ఖర్చు ఒకటే అని ఏ ఆపరేటరూ ఒప్పుకోడు.

ఇప్పుడు అదే 6,00,000 ఏ పనుల వల్ల పుట్టిందో చూద్దాం.

- యంత్రం నడక: 2,40,000. 400 గంటలు. గంటకు 600.
- మేక్‌రెడీ, రోలర్ల కడుగుడు: 1,80,000. నెలకు 120. ఒక్కోదానికి 1,500.
- డిజైన్, ప్రూఫుల దిద్దుబాటు: 1,00,000. నెలకు 200 ప్రూఫు విడతలు. విడతకు 500.
- ఆర్డరు రాయడం, కొనుగోళ్లు, డెలివరీ, వసూలు: 80,000. నెలకు 160 ఆర్డర్లు. ఆర్డరుకు 500.

వర్కుబుక్కుకు ప్రూఫులు 3 విడతలు. కాబట్టి 24,000 + 12,000 + 1,500 + 500 = 38,000. ప్రతికి 1 రూపాయి 90 పైసలు.

సావనీర్‌కు కమిటీ సభ్యులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఫొటోలు, పేర్లు మార్చారు. ప్రూఫులు 9 విడతలు. 1,200 + 12,000 + 4,500 + 500 = 18,200. ప్రతికి 18 రూపాయల 20 పైసలు.

మొత్తం ఖర్చు ఒక్క రూపాయి కూడా మారలేదు. పంపకం మారింది, నిజం బయటపడింది. పాత లెక్కతో వర్కుబుక్కుకు 22,000 ఎక్కువ వేసి టెండరు పోగొట్టుకుంటాం. సావనీర్‌కు 15,200 తక్కువ వేసి, ఊళ్లో ఇంత చవక ఇంకెక్కడా లేదని పేరు తెచ్చుకుని, అలాంటి ఆర్డర్లతోనే యంత్రం నింపుకుంటాం.

ఇలాంటిదే అమెరికాలో పెద్ద కంపెనీకీ ఎదురైంది. జాన్ డీర్ ట్రాక్టర్ల కంపెనీకి అయోవా రాష్ట్రం వాటర్లూలో విడిభాగాల ఫ్యాక్టరీ ఉండేది. తమ యంత్రాలకు బాగా కుదిరే పెద్ద సంఖ్య ఆర్డర్లు బయటి వారికి పోవడం, తక్కువ సంఖ్యలో కావలసిన భాగాలే తమకు మిగలడం అక్కడ గమనించారు. ఖర్చును సెటప్, ప్రొడక్షన్ ఆర్డరు, సామాను తరలింపు వంటి పనులవారీగా విడదీశాక లెక్కలో లోపం తేలింది. 1980 దశకంలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యులు రాబర్ట్ కప్లాన్, రాబిన్ కూపర్ ఇలాంటి అనుభవాలను అధ్యయనం చేసి ఏబీసీని ప్రపంచానికి పరిచయం చేశారు. జాన్ డీర్ కేసు ఇప్పటికీ మేనేజ్‌మెంట్ తరగతుల్లో చెబుతారు.

6. ఏబీసీ మొదలుపెట్టేటప్పుడు

చేయవలసినవి

- నాలుగైదు పనులతో మొదలుపెట్టండి. ఎక్కువ డబ్బు తినేవి, జాబుకూ జాబుకూ తేడాగా జరిగేవి ఏవో అవి చాలు.
- ప్రతి పనికీ దాన్ని పెంచేది ఏదో, అదే కాస్ట్ డ్రైవర్‌గా తీసుకోండి. మేక్‌రెడీకి మేక్‌రెడీల సంఖ్య, ప్రూఫులకు విడతల సంఖ్య. ఆ అంకె జాబ్ కార్డులోనో టైమ్ షీటులోనో ఇప్పటికే దొరుకుతుందా అని ముందు చూసుకోండి.
- ఖర్చులను కూపర్ చెప్పిన నాలుగు మెట్లలో సర్దండి. ప్రతి ప్రతితో పెరిగేవి మొదటి మెట్టు. ప్రతి విడత అచ్చుతో పెరిగేవి రెండోది. ఒక ప్రచురణను నిలబెట్టడానికి అయ్యేవి, అంటే డిజైన్, ఫైళ్ల నిర్వహణ మూడోది. షెడ్డు అద్దె, వాచ్‌మన్ జీతం వంటి ప్రెస్సు మొత్తానివి నాలుగోది.
- ఆపరేటర్లను, బైండర్లను, స్టోరు గుమస్తాను కూర్చోబెట్టి అడగండి. ఏ కస్టమర్ పని ఎంత తిప్పలు పెడుతుందో వాళ్లకు తెలిసినంత అకౌంటెంటుకు తెలియదు.
- ఏడాదికోసారి రేట్లు సరిచూడండి. ప్లేట్లు నేరుగా కంప్యూటర్ నుంచి తీసే యంత్రమో, దానంతట అదే రోలర్లు కడుక్కునే యంత్రమో వస్తే మేక్‌రెడీ రేటు పాతది పనికిరాదు.

చేయకూడనివి

- ముప్పై నలభై పనులు, వాటికి అన్నేసి డ్రైవర్లు పెట్టి పద్ధతిని భారం చేయకండి. లెక్క తీయడానికి అయ్యే ఖర్చు ఆ లెక్క వల్ల మిగిలేదాన్ని మించకూడదు. చాలా కంపెనీలు ఏబీసీని మధ్యలో వదిలేయడానికి ఈ భారమే కారణం.
- ‘నీ సమయంలో ఎంత శాతం దేనికి పోతుంది’ అని అడిగి వచ్చిన జవాబుల మీదే మొత్తం కట్టకండి. ఎవరు చెప్పినా కూడితే 100 శాతమే వస్తుంది, ఖాళీ సమయం ఉందని ఎవరూ చెప్పరు. ఈ లోపాన్ని సరిదిద్దడానికే కప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ 2004లో సమయం ఆధారిత ఏబీసీని ప్రతిపాదించారు. నిమిషానికి ఎంత ఖర్చు, ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు అన్న రెండు అంకెలతో అది నడుస్తుంది.
- మేక్‌రెడీ ఖర్చును ప్రతుల సంఖ్యతో భాగించి, ఆ అంకెను వేరే ఆర్డరుకు వాడకండి. 20,000 ప్రతుల మీద ప్రతికి 60 పైసలైన మేక్‌రెడీ 1,000 ప్రతుల మీద 12 రూపాయలు.
- వాచ్‌మన్ జీతానికి కూడా బలవంతంగా డ్రైవర్ వెతకకండి. కారణం లేని చోట కారణం ఉన్నట్టు చూపితే లెక్క అందంగా ఉంటుంది, నిజంగా ఉండదు. అలాంటివి లాభంలోంచి తీర్చవలసిన ఉమ్మడి భారమని విడిగా చూపండి.

7. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు

చేయవలసినవి

- సాధారణ పరిస్థితుల్లో యంత్రం ఎన్ని గంటలు నడవగలదో ఆ గంటల మీదే రేటు కట్టండి. నడవని గంటల ఖర్చును ‘ఖాళీ సామర్థ్యం’ అని వేరే వరుసలో చూపండి. ఇన్వెంటరీలకు సంబంధించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్-2 కూడా స్థిర ఉత్పత్తి ఓవర్‌హెడ్స్‌ను సాధారణ సామర్థ్యం మీదే కట్టమంటుంది.

చేయకూడనివి

- ఖాళీ గంటల ఖర్చును ఉన్న ఆర్డర్ల మీద వేయకండి. మన ప్రెస్సులో 400 గంటల పని 300కు తగ్గి, ఖర్చు 6,00,000 దగ్గరే ఉంటే రేటు 2,000 అవుతుంది. ధర పెంచుతాం, ఇంకొన్ని ఆర్డర్లు పోతాయి. గంటలు 250కి పడితే రేటు 2,400. పనిలేని కాలంలో ధర పెంచుతూ పోయే ప్రెస్సు తన తలుపులు తానే మూసుకుంటుంది.

8. ధర చెప్పేటప్పుడు, ఆర్డరు వద్దనేటప్పుడు

చేయవలసినవి

- కొటేషన్‌లోనే ప్రూఫులు ఎన్ని విడతలు ఉచితమో, ఆపైన విడతకు ఎంతో రాయండి. సావనీర్ కమిటీకి మూడు విడతలని ముందే చెబితే చాలా దిద్దుబాట్లు ప్రెస్సు గడప దాటకముందే ఇంటి దగ్గరే అయిపోతాయి.
- చిన్న ఆర్డర్లకు కనీస ఛార్జీ పెట్టండి. ఒకే కాగితం మీద వెళ్లే చిన్న పనులను ఒక ప్లేటు మీద కలిపి వేయండి. వెయ్యిలోపు ప్రతులకు డిజిటల్ ప్రింటింగ్ చవకవుతుందేమో లెక్క వేసి కస్టమర్‌కు ఆ దారి చూపండి.
- వర్కుబుక్కు వంటి పెద్ద ఆర్డర్లలో లెక్క మీకు చూపిన జాగాను వాడుకోండి. తగ్గించగలిగినంత తగ్గించి టెండరు వేయండి.

చేయకూడనివి

- ఏబీసీ నష్టం చూపించిందని ఆర్డరును వెంటనే వద్దనకండి. సావనీర్ మానేస్తే ఆ 18,200 రూపాయలు పూర్తిగా మిగిలిపోవు. సిబ్బంది జీతాలు, తరుగుదల ఎలాగూ ఉంటాయి. యంత్రం ఖాళీగా ఉందా, ఆ సమయానికి ఇంతకన్నా మంచి పని ఉందా అన్నది చూసి తేల్చండి.
- ఖాళీగా ఉన్నప్పుడు నేరుగా అయ్యే ఖర్చులు వస్తే చాలని ఒప్పుకున్న ధరను ఏడాది పొడవునా ఇవ్వకండి. అద్దె కట్టేది కూడా ఈ ఆర్డర్లతోనే.

9. మార్చి 31న

చేయవలసినవి

- ఆ రోజుకు మూయని జాబ్ కార్డులన్నీ తీసి కూడండి. ఆ మొత్తమే చేతిలో ఉన్న పని విలువ. జనరల్ లెడ్జర్‌లోని ఖాతాతో అది సరిపోవాలి. సరిపోకపోతే ఏదో స్లిప్పు ఎక్కడో ఆగిపోయిందని అర్థం.

చేయకూడనివి

- నిర్ణయాల కోసం కట్టిన ఏబీసీ ఖర్చును అలాగే బ్యాలెన్స్ షీటులో పెట్టకండి. అందులో డెలివరీ, వసూలు వంటి అమ్మకపు ఖర్చులు ఉండవచ్చు. ఏఎస్-2 ప్రకారం అమ్మకం ఖర్చులు, అసాధారణ తరుగు నిల్వ సరుకు విలువలో కలవకూడదు.

రేపటి నుంచే

ఇదంతా చేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. జాబ్ కార్డు, ఇష్యూ స్లిప్పు, టైమ్ షీటు, ఒక ఎక్సెల్ షీటు చాలు. వచ్చే నెల ఒక్కదానికి మేక్‌రెడీలు, ప్రూఫు విడతలు, ఆర్డర్లు లెక్కపెట్టి రాయించండి. నెల ముగిశాక మీ అతి పెద్ద జాబుకు ఒకసారి, అతి చిన్న జాబుకు ఒకసారి ఖర్చు రెండు పద్ధతుల్లోనూ కట్టి చూడండి. తేడా కనబడితే మీ ధరల పట్టిక మార్చవలసిన సమయం వచ్చినట్టే. విద్యార్థులు కూడా పుస్తకంలోని లెక్కలతో ఆగకుండా, మీ ఊళ్లో ఏదైనా చిన్న ప్రెస్సుకో వర్క్‌షాపుకో వెళ్లి ఒక జాబ్ కార్డు నింపి చూడండి. ఖర్చు ఎక్కడ పుట్టిందో అక్కడే రాయండి, ఎవరి వల్ల పుట్టిందో వారికే వేయండి. ఈ ఒక్క నియమం పాటించే ప్రెస్సుకు ఏ ఆర్డరుకు ఎంత ధర చెప్పాలో, దేనికి ఎంత తగ్గవచ్చో ముందే తెలిసి ఉంటుంది.